నాన్న గుండె

దాచేపల్లి,
10 ఆగస్టు 2025.

అక్కకు వందనాలు.

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. క్రిస్టీనా కుట్టుమిషన్ ముందు కూర్చుంది, మా జెమీమా ఎనిమిదో తరగతి లెక్కలతో కుస్తీ పడుతోంది. ఫోన్ ఉండగా వీడికి ఉత్తరం రాసే తీరిక ఎక్కడిదనుకుంటావు. ఈ రెండు గదుల ఇంట్లో ఎక్కడ నిలబడి మాట్లాడినా క్రిస్టీనాకి వినపడుతుంది. నీ ఫోనేమో ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నీకు చెప్పిన మాట మీ కూలీల ముఠాలో ఇరవైమంది ఆడవాళ్లకీ చెప్పినట్టే. అందుకని ఇలా రాస్తున్నాను.

జూన్‌లో లాల్ అహ్మద్ పోయాడని చెప్పాను గదా, నాతోపాటు సిమెంటు లారీ తోలేవాడు. లోడు దించుతుంటే క్యాబిన్‌లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండెపోటు అన్నారు. మట్టి చెయ్యడానికి అందరం వెళ్లొచ్చాం. నేను బాగానే ఉన్నాననుకున్నాను.

జూలైలో ఒక మధ్యాహ్నం లోడుతో పిడుగురాళ్ల దాటాను. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపల్నించి ఎవరో తలుపు బాదుతున్నట్టుంది అక్కా. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి తీసుకుంటున్నా చాలడం లేదు. చొక్కా అంతా తడిసిపోయింది. చచ్చిపోతున్నానని తెలిసిపోయింది. అనిపించడం కాదు, తెలిసిపోయింది. లారీ పక్కకు తీసి స్టీరింగ్ మీద తల పెట్టుకుని జెమీమా పేరు తలుచుకున్నాను. పావుగంటలో మొత్తం పోయింది. దిగి టీ తాగాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటికి ఇలా నాలుగుసార్లు అయింది. అక్టోబర్ పదహారుకి నాకు నలభై రెండు నిండుతాయి. నాన్న పోయింది నలభై రెండో ఏటనే గదా. ఆ లెక్క నా బుర్రలోంచి పోవడం లేదు.

క్రిస్టీనాకి చెప్పకు. నా కోసం ప్రార్థన చెయ్యి.

నీ తమ్ముడు,
ఏసుబాబు


అద్దంకి,
18 ఆగస్టు 2025.

తమ్ముడు ఏసుబాబుకి అక్క రెబ్కా దీవెనలు.

పోస్ట్‌మ్యాన్ వాకిట్లో నిలబడి నా పేరు పిలిస్తే కోర్టు కాగితమేమో అనుకుని మీ బావ చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. తీరా చూస్తే నీ కోడిగీతలు. నీ రాత చదవడానికి నాకు ఒక పూట పట్టింది. చదివాక అన్నం సయించలేదు.

ముందు తిట్టనివ్వు. రోజుకి ఎన్ని టీలు తాగుతావురా? ఎన్ని సిగరెట్లు? నిద్రపోకుండా లోడు మీద లోడు తోలుతావు, పక్కవాడు పోయాడని దిగులు పెట్టుకుంటావు, ఇంక గుండె దడదడలాడక ఏం చేస్తుంది. ఎండకి నీరసం వచ్చి ఉంటుంది. నిరుడు మా ముఠాలో మాబూబీకి మిరపకోతల్లో ఇలాగే కళ్లు తిరిగాయి. చెట్టు కింద పడుకోబెట్టి మజ్జిగ పోస్తే లేచి కూర్చుంది. ఆవిడ ఇప్పుడు నాకంటే ఎక్కువ కోస్తుంది.

అయినా గుంటూరు వెళ్లి మంచి గుండె డాక్టరుకి చూపించుకో. నాన్న సంగతి మాత్రం మనసులో పెట్టుకోకు. ఆయన సంగతి వేరు, నీ సంగతి వేరు. పుట్టినరోజు లెక్కలు వేసుకుంటూ కూర్చోవడానికి నువ్వేమన్నా పంచాంగం పంతులువా.

ఇక్కడ మిరపనారు పీకుతున్నాం. వాన సరిగ్గా పడితే వచ్చే వారం నాట్లు మొదలు. క్రిస్టీనాకి నేను చెప్పను గానీ నువ్వు చెప్పు. పెళ్లాం దగ్గర దాచే జబ్బు మంచిది కాదు.

నీ కోసం రోజూ మోకాళ్లూని ప్రార్థించే
అక్క రెబ్కా


దాచేపల్లి,
1 సెప్టెంబర్ 2025.

అక్కకు వందనాలు.

గుంటూరు వెళ్లాను. గుండె పరీక్షలన్నీ చేశారు. ఛాతీకి వైర్లు పెట్టి తీసే ఈసీజీ, స్కానింగు, కదిలే పట్టా మీద పరిగెత్తించి చూసేది, థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలు. గుండె బంగారంలా ఉందని పెద్ద డాక్టరు అన్నాడు. నేను మాత్రం సంతోషపడలేకపోయాను. వీళ్లకి దొరకలేదంటే మరీ లోతుగా ఎక్కడో ఉందన్నమాట అనుకుంటూ బయటికొచ్చాను. మెట్ల మీదే మళ్లీ వచ్చింది. వెనకే దిగుతున్న ఆ డాక్టరే పట్టుకుని కూర్చోబెట్టి, నరసరావుపేటలో డాక్టర్ సాజిదా గారి దగ్గరికి వెళ్లమని చీటీ రాశాడు.

ఆవిడ మనసు డాక్టరు. నువ్వు అప్పుడే కళ్లు పెద్దవి చేస్తావని తెలుసు. నేనూ బోర్డు చూసి వెనక్కి తిరిగాను, ఒకసారి కాదు, రెండుసార్లు. గంటసేపు కూర్చోబెట్టి అన్నీ అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటుంది, అది లేనప్పుడు ఏం ఆలోచిస్తావు, దాని మూలంగా ఏమేం మానేశావు. ఆఖరిదానికి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. పిడుగురాళ్ల రోడ్డు మానేశాను. మందిరంలో మధ్యవరస మానేసి తలుపు పక్కన కూర్చుంటున్నాను. రోజుకి వందసార్లు నాడి చూసుకుంటున్నాను. అవన్నీ జబ్బులో భాగమని నాకు అప్పటిదాకా తెలియదు.

దీన్ని పానిక్ డిజార్డర్ అంటారట. పాము ఎదురైతే మనం ఆలోచించకుండానే వెనక్కి గెంతుతాం గదా, ఒంట్లో దానికో ఏర్పాటు ఉంటుందట. నాలో అది పాము లేకపోయినా మోగుతోందట. గుండె కొట్టుకోవడం, ఊపిరి ఆడకపోవడం నిజమేనట, నేను నటించడం లేదట. ఆ మాట అన్నందుకు ఆవిడకి దణ్ణం పెట్టబోయాను. కానీ దానివల్ల చావడం మాత్రం ఉండదట. ఆ దడ వచ్చినదానికంటే మళ్లీ వస్తుందేమోనన్న భయంతో వారాల తరబడి బతకడం, దానికోసం దారులు మార్చుకోవడం, అదీ అసలు జబ్బట. ఎందుకొచ్చిందంటే ఒక్క కారణం చెప్పలేమంది. కొందరిది పుట్టుకతో వచ్చే తత్వం, కొందరికి దగ్గరివాళ్ల చావు, కొందరికి నిద్ర లేకపోవడం. నాకు మూడూ ఉన్నాయి.

రోజూ వేసుకునే బిళ్ల ఒకటి రాసింది. అది పట్టు చిక్కడానికి నాలుగు వారాలు పడుతుందట, మొదట్లో కాస్త వికారం, కంగారు ఎక్కువ కావచ్చట. రెండోది వెంటనే నెమ్మదింపజేసేది, అది కొద్దిరోజులే. అది వేసుకున్నంతకాలం లారీ ముట్టుకోవద్దంది. వారానికోసారి వెళ్లి మాట్లాడాలి.

ఒకటి అడిగింది. మీ నాన్నగారు ఎలా పోయారు అని. నలభై రెండో ఏట గుండె ఆగి పోయాడన్నాను. వివరంగా తెలుసుకుని రమ్మంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు, ఏమీ గుర్తు లేదు. నువ్వు పక్కనే ఉన్నావని అమ్మ ఒకసారి అంది. కాస్త రాసి పంపు.

నీ తమ్ముడు,
ఏసుబాబు


అద్దంకి,
8 సెప్టెంబర్ 2025.

తమ్ముడికి అక్క దీవెనలు.

గుండె బాగుందని తెలిసి మందిరంలో సాక్ష్యం చెప్పాను. ఆ రెండో డాక్టరు సంగతి మాత్రం చెప్పలేదు, చెప్పను కూడా. నీకేం ఖర్మరా ఆ బిళ్లలు? మా వీధిలో వెంకటరావమ్మ అల్లుడు అలాంటివే వేసుకుని ఏడాదిపాటు మంచం దిగలేదు. మనిషి ఉన్నాడంటే ఉన్నాడు, పిలిస్తే పలకడు. రేపు నీకు లైసెన్సు తీసేస్తే ఏం చేస్తావు? జెమీమాకి సంబంధం చూసేనాటికి తండ్రి పిచ్చిబిళ్లలు మింగాడని ఎవడో ఒకడు అనకుండా ఉంటాడా? గుండె బాగుందని చెప్పాక ఇంకా మందులెందుకు. ఆపెయ్. ధైర్యం తెచ్చుకో. నీకు భయం ఎక్కువ, చిన్నప్పుడు ఉరుముకి కూడా నా లంగా పట్టుకునేవాడివి.

నాన్న గురించి రాయడానికి ఏముంది. గుండె ఆగిపోయింది, అంతే. ముప్పై నాలుగేళ్ల కిందట పోయిన మనిషి గురించి డాక్టర్లకెందుకు, వాళ్లకి ఏదో ఒకటి రాసుకోవాలి గాబట్టి అడుగుతారు. అమ్మ ఉన్నంతకాలం ఆ మాట ఎత్తనిచ్చిందా? ఆవిడ పోయాక మనమెందుకు ఎత్తడం.

నాట్లు అయిపోయాయి. వాన ఎక్కువై పల్లపు చేలల్లో నారు కుళ్లిపోతోంది. మళ్లీ వేయాలట. నా నడుం ఇప్పుడే పడిపోయింది.

నీ అక్క,
రెబ్కా


దాచేపల్లి,
21 సెప్టెంబర్ 2025.

అక్కా,

నువ్వు చెప్పినట్టే బిళ్లలు ఆపేశాను. డాక్టరమ్మకి చెప్పలేదు, వెళ్లడం కూడా మానేశాను. పన్నెండు రోజులు వేసుకున్నాను, కొంచెం నెమ్మదిస్తున్నట్టే ఉండింది. ఆపిన నాలుగో రోజునుంచి తల తిరుగుడు, చేతుల్లో జివ్వుమనడం. వారం తిరిగేసరికి పాత భయం తోడు తెచ్చుకుని మరీ వచ్చింది. ఇప్పుడు లారీ మెట్టు మీద కాలు పెడితే చాలు, మొదలవుతుంది. తాళాలు ఫోర్‌మ్యాన్‌కి ఇచ్చేశాను. నవంబర్ ఆఖరుదాకా నా సీటు వేరేవాళ్లకి ఇవ్వనన్నాడు, ఆ తర్వాత తన చేతుల్లో లేదన్నాడు.

క్రిస్టీనాకి తెలిసిపోయింది. బజారుకి వెళ్లి పాలప్యాకెట్ తేలేక సగం దారిలో గోడకి ఆనుకుని ఉంటే పక్కింటావిడ చూసి తీసుకొచ్చింది. క్రిస్టీనా తిట్టలేదు. జెమీమా మాత్రం నేను బాత్‌రూమ్‌లో ఐదు నిమిషాలు ఎక్కువుంటే తలుపు కొడుతోంది. నాన్నా ఉన్నావా అని అడుగుతోంది. నా భయం దానికి అంటుకుంటోంది, అదొక్కటే నాకు సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. నాన్న గురించి అడిగితే నువ్వు మాట దాటేశావు. నీకు మాట దాటేయడం రాదు అక్కా, నువ్వు ఏదైనా మొహం మీదే అంటావు. అంటే నాకు చెప్పకూడనిదేదో ఉంది. మన రక్తంలోనే ఉందా? తాత కూడా ఇలాగే పోయాడా? తెలియకపోవడమే నన్ను ఎక్కువ చంపుతోంది. పోయే ముందు నాన్నకి ఏమైంది? నొప్పి ఎక్కడ మొదలైంది? ఎంతసేపు ఉన్నాడు? ఉన్నదున్నట్టు రాయి. లేకపోతే రోజుకో రకంగా నేనే ఊహించుకుంటున్నాను.

ఏసుబాబు


అద్దంకి,
28 సెప్టెంబర్ 2025.

తమ్ముడికి,

ఇంత పట్టుబట్టి అడుగుతున్నావు గాబట్టి రాస్తున్నాను, ఇంక దీని గురించి అడగవద్దు. ఆ రోజు మధ్యాహ్నం నాన్న చేలో ఉండగా ఛాతీలో నొప్పి అన్నాడు. ఎడమ చేయి లాగుతోందన్నాడు. భుజం నుంచి చిటికెనవేలు దాకా తిమ్మిరి అన్నాడు. చెమట పట్టింది. ఎక్కువసేపు బాధపడలేదు. తాతకి ఏమీ లేదు, ఆయన ఎనభై ఏళ్లు బతికాడు. మన రక్తంలో ఏమీ లేదు. నాన్నకి కష్టం ఎక్కువై అలా అయింది.

ఇంతే. ఇప్పుడు తెలిసింది గదా, ఇంక నెమ్మదిగా ఉండు. అరటిపళ్లు తిను. బిళ్లలు ఆపమని తొందరపడి అన్నానేమో, డాక్టరుని అడుగు.

అక్క


దాచేపల్లి,
9 అక్టోబర్ 2025.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం రెండో తారీఖున అందింది. ఐదో తారీఖు ఆదివారం మందిరంలో నిలబడి ఉండగా ఎడమ చేయి లాగడం మొదలైంది. నువ్వు రాసినట్టే, భుజం నుంచి చిటికెనవేలు దాకా. ఇదివరకు నాకు చేతులు రెండూ తిమ్మిరెక్కేవి గానీ ఒక్క ఎడమచేతిలోనే ఎప్పుడూ రాలేదు. నాన్నకి వచ్చిందే వచ్చిందని అర్థమై అక్కడే కూలబడ్డాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆటోలో క్రిస్టీనా నా చెయ్యి రుద్దుతూనే ఉంది, జెమీమా ఏడవకుండా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నేను మర్చిపోలేను.

రెండుసార్లు ఈసీజీ తీశారు. గంటల తేడాతో రెండుసార్లు రక్తం తీసి చూశారు. ఏమీ లేదన్నారు. ఎడమ చేయి ఎందుకు లాగుతోందంటే విశ్రాంతి తీసుకోమని పంపేశారు.

మర్నాడు క్రిస్టీనా నన్ను డాక్టర్ సాజిదా గారి దగ్గరికి లాక్కెళ్లింది. చెప్పకుండా మందు ఆపినందుకు ఆవిడ కోప్పడలేదు. ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుందంది, మొదటి బిళ్లే మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టింది, రెండోది వద్దంది. ఎడమ చేయి సంగతి చెప్పాను. ఎడమ చెయ్యి అనే మాట మీకెప్పుడు తెలిసింది అని అడిగింది. అక్క ఉత్తరం వచ్చాక అన్నాను. ఆవిడ ఆ తేదీలు రాసుకుంది. మనసు దేని కోసం కాచుకుని కూర్చుంటే ఒళ్లు దాన్నే చూపిస్తుందండి అంది. నాకు నమ్మకం కుదరలేదు. నాన్నకి ఆ రోజు మనసు ఏం కాచుకుని కూర్చుంది? ఆయనకి నిజంగానే గుండె ఆగింది గదా.

అందుకే బిళ్ల జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, మింగడం లేదు. గుండె జబ్బుకి భయం బిళ్ల వేసుకుంటే ఏం లాభం. పదహారో తారీఖు ఇంకో వారం ఉంది. నాకేమన్నా అయితే క్రిస్టీనాని తొందరగా తన పుట్టింటికి పంపవద్దు, జెమీమా చదువు ఆగుతుంది. దాన్ని నువ్వు చూసుకో. ఈ మాట రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాను, మిగతాదంతా దారిలో వచ్చింది.

ఏసుబాబు


అద్దంకి,
13 అక్టోబర్ 2025.

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. క్రిస్టీనాని పక్కన కూర్చోబెట్టుకో.

నాన్నకి ఎడమ చెయ్యి లాగలేదు. అది నేను టీవీలో చూసింది రాశాను. నేను అబద్ధం రాస్తే మూడో రోజుకి నీ చెయ్యి లాగింది. నా అబద్ధం నీ ఒంట్లోకి దిగింది. 

నాన్న గుండె ఆగి చనిపోలేదు. పురుగుమందు కొడుతూ చనిపోయాడు.

అప్పుడు మనం పర్చూరు దగ్గర కౌలుకి పత్తి వేశాం. పచ్చపురుగు కాయలోకి దూరింది. మూడుసార్లు కొట్టినా చావలేదు. మందులో దమ్ము లేదని నాన్న రోజూ తిట్టుకునేవాడు. వీపున మోసే పంపు అడుగున కారుతుండేది, గుడ్డపీలిక చుట్టి బిగించేవాడు, అయినా కారేది, చొక్కా ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆ రోజు మందు కలిపే పని నాది. పంపులో పోసే నీళ్లడబ్బాకి రెండు మూతల మందు పొయ్యమన్నాడు. నేను నాలుగు పోశాను. పురుగంతా చచ్చిపోతే నాన్న సంతోషిస్తాడనుకున్నాను, అంతకంటే ఏమీ అనుకోలేదు. పుల్ల దొరక్కపోతే చేత్తోనే కలిపాను. అప్పట్లో అందరూ అలాగే కలిపేవాళ్లు.

మూడో డబ్బా సగంలో నాన్న గట్టు మీద కూర్చున్నాడు. కళ్లు మసకలేస్తున్నాయన్నాడు. నోట్లోంచి నురగ వచ్చింది. పక్కచేనువాళ్లు ట్రాక్టర్లో ఎక్కించారు. చిలకలూరిపేట ఇంకా రాలేదు, అంతలోనే అయిపోయింది.

అమ్మకి మూతల సంగతి చెప్పాను. అమ్మ నా నోటి మీద చెయ్యి వేసి మూసింది. తర్వాత బైబిలు మీద నా చెయ్యి పెట్టించి, "గుండె ఆగిపోయింది. ఎవరడిగినా అదే చెప్పు, తమ్ముడు అడిగినా అదే చెప్పు" అంది. తండ్రిని చంపిన పిల్ల అని ఊరంటే నేను బతకనని ఆవిడ భయం. సమాధి చేసిన వారానికే మనల్ని అద్దంకి తీసుకొచ్చేసింది. నాన్న సమాధి దగ్గరికి నిన్ను ఎప్పుడూ తీసుకెళ్లకపోవడానికి కారణం అదే. అక్కడివాళ్లు నీకు వేరే మాట చెబుతారని.

అప్పట్నించీ నేను చేతులు కడుగుతూనే ఉన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. బియ్యంలో చెయ్యి పెట్టాలంటే ముందు ఏడుసార్లు కడగాలి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచీ. చర్మం చిట్లి రక్తం వస్తుంది. మిరపకాయల మంట అని అందరికీ చెబుతాను, మిరపకోతలు లేని రోజుల్లో కూడా. నా పిల్లలిద్దరికీ నా చేత్తో ఒక్క ముద్ద కలిపి పెట్టలేదు. చెంచాతో తినిపించాను. దొరసాని పెంపకం అని మీ బావ నవ్వేవాడు. నా చేతిలో ఇంకా మందు ఉందేమోనని భయంరా నాకు. లేదని తెలుసు. తెలిసినా భయం పోదు.

నిన్ను పిరికివాడివన్నాను. బిళ్లలు ఆపమన్నాను. నాన్న గురించి డాక్టరు అడిగిందని చదవగానే, నీకేమవుతుందో అనే ఆలోచన కంటే ముందు నా సంగతి బయటపడుతుందనే భయం వచ్చింది. అదీ నిజం.

నాన్న గుండె మంచిది. ట్రాక్టర్లో ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఊపిరి అందక పోయాడు గానీ గుండె ఆఖరుదాకా కొట్టుకుంటూనే ఉంది. నీ గుండెకి ఆ చావుతో ఏ సంబంధమూ లేదు. బిళ్ల వేసుకో. నేను నీకు అక్కనవునో కాదో తర్వాత తేల్చుకో, ముందు బిళ్ల వేసుకో.

రెబ్కా


అద్దంకి,
3 నవంబర్ 2025.

తమ్ముడూ,

ఇరవై రోజులైంది. పదహారో తారీఖు పొద్దున క్రిస్టీనాకి ఫోన్ చేశాను, నువ్వు బాగున్నావని మాత్రం చెప్పి పెట్టేసింది. నీకు ఉత్తరం అందిందా అని నేను అడగలేదు. పత్తితీతకి పోతున్నాను, గట్టు మీద మందుపంపు కనిపిస్తే ఆ సాలు వదిలేసి పక్కదానికి పోతున్నాను. పోస్ట్‌మ్యాన్ మా వీధిలోకి వస్తే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటున్నాను. తిట్టడానికైనా సరే, రెండు ముక్కలు రాయి.

రెబ్కా


దాచేపల్లి,
14 నవంబర్ 2025.

అక్కకు వందనాలు.

ఆలస్యం నాదే. ఉత్తరం అందిన రోజు క్రిస్టీనా చదివి వినిపించింది. వినగానే నాకు నవ్వొచ్చింది. నాన్న గుండె బాగుంది అని నవ్వాను, నేల మీద కూర్చుని నవ్వాను. తర్వాత నాన్న ఎలా పోయాడో అర్థమై ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. అది చాలా రోజులుంది. అమ్మ మీదా, నీ మీదా. ఎనిమిదేళ్లప్పుడు కాకపోయినా ఇరవై ఏళ్లప్పుడు చెప్పొచ్చు గదా అని. ఆ కోపంతో రాస్తే ఏం రాస్తానోనని రాయలేదు.

బిళ్ల మాత్రం ఆ రోజే వేసుకున్నాను.

నీ ఉత్తరం డాక్టర్ సాజిదా గారికి చదివి వినిపించాను. నిన్ను అడగకుండా చేశాను, తప్పయితే తిట్టు. ఆవిడ ఆ పంపు సంగతి రెండోసారి చదివించుకుని, కారే పంపు వీపుకి కట్టుకుని ఎండలో రోజంతా తడిసిన మనిషికి రెండు మూతలైనా ప్రాణం మీదికి రావచ్చు అంది. నాలుగు మూతల వల్లే పోయాడని ఏ డాక్టరూ చెప్పలేడంది, కాదని కూడా తను చెప్పలేనంది. నీ దగ్గర ఇంక దేనికీ అబద్ధం వద్దనుకుని రెండూ రాస్తున్నాను. తర్వాత ఆ రోజు మీ అక్కకి ఎన్నేళ్లు అని అడిగింది. పదమూడు అన్నాను. 

ఇంటికొచ్చేసరికి జెమీమా వాకిట్లో కూర్చుని జడ వేసుకుంటోంది. దానికీ పదమూడే. చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కుంటుంది, నేను చెప్పిన పని ఒకటికి రెండు చేసి మెప్పు కోసం నా మొహం చూస్తుంది. అలాంటి పిల్ల ఆ ట్రాక్టర్లో కూర్చుని ఉందని నాకు అప్పుడు తెలిసింది. నా కోపం అక్కడే పోయింది అక్కా. ఇంతకాలం నువ్వు పెద్దదానివనే అనుకున్నాను. ఆ రోజు నువ్వూ చిన్నపిల్లవే.

నా సంగతి. మొదటి వారం డాక్టరమ్మ ఆగి ఉన్న లారీలో ఊరికే కూర్చోమంది. రెండో వారం ఇంజను వేసుకుని కూర్చోమంది. తర్వాత యార్డు గేటు దాకా తోలమంది. గేటు దగ్గర మొన్న వచ్చింది. దిగి పారిపోవద్దంది గాబట్టి నాడి చూసుకోకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. చస్తాననే అనుకున్నాను. పది నిమిషాల్లో అదే పోయింది. ఇదివరకూ అదే పోయేది, నేను పారిపోయినందుకు పోయిందనుకునేవాడిని. పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుందట. ఫోర్‌మ్యాన్‌కి డాక్టరమ్మ చీటీ చూపించాను, జనవరి దాకా నన్ను యార్డులో పెట్టుకుంటానన్నాడు.

నీ చేతుల సంగతి. డాక్టరమ్మ నిన్ను చూడకుండా జబ్బుకి పేరు పెట్టనంది, కానీ అదీ భయానికి దగ్గరి చుట్టమేనట, దానికీ మందూ మాటా ఉన్నాయట. తీసుకురమ్మంది. ఇరవై తొమ్మిదో తారీఖు శనివారం నేను వస్తున్నాను. ఒక్కడినే, బస్సులో, పిడుగురాళ్ల మీదుగా. మధ్యలో అది వచ్చినా దిగను. సోమవారం నిన్ను నరసరావుపేట తీసుకెళ్తాను.

నేను వచ్చిన రోజు నాకు ఒకటి కావాలి. నీ చేత్తో అన్నం కలిపి ముద్ద పెట్టు. ఒక్కసారే కడుక్కో. నేను నీ ఎదురుగా కూర్చుని తింటాను.

నీ తమ్ముడు,
ఏసుబాబు


అద్దంకి,
20 నవంబర్ 2025.

తమ్ముడు ఏసుబాబుకి అక్క దీవెనలు.

రావద్దని మూడు ఉత్తరాలు రాసి చింపాను. ఇది నాలుగోది.

మీ బావకి అంతా చెప్పాను.  నా చేతులు తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు, ఇరవై ఆరేళ్లుగా చూడనట్టు. నిన్న మధ్యాహ్నం ఒక్కసారే కడుక్కుని పప్పన్నం కలిపాను. ముద్ద చేసి ఆయన నోటిదాకా తీసుకెళ్లాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పళ్లెంలో పడేసి పెరట్లోకి పరిగెత్తి ఎన్నిసార్లు కడిగానో లెక్క లేదు. నేను తిరిగొచ్చేసరికి ఆ ముద్ద ఆయన తినేశాడు. సాయంత్రం దాకా ఆయన వెనకే తిరిగాను, కడుపులో ఎలా ఉంది అని అడుగుతూ. బాగుంది, ఉప్పు తక్కువైంది అన్నాడు.

నువ్వు బస్సులో భయపడితే కిటికీ పక్కన కూర్చో. నేను బస్టాండులో ఉంటాను.

ముద్ద పెడతాను. నువ్వు తిన్నాక ఆ పూటంతా ఊపిరి తీస్తున్నావో లేదో చూస్తూ నీ ఎదురుగా కూర్చుంటాను. దానికి మాత్రం నన్నేమీ అనకు.

అక్క